గోడ పక్క పారసీకులు

పొరపాటున డాక్టరమ్మ

ఈ మంచు దేశంలో మేముండే రెజైనాలో తెలుగువాళ్ళ ఇళ్ళకు భోజనానికి వెళ్తే నాకొక తిప్పలు తప్పదు. "డాక్టరు గారూ, కాస్త ఈ మోకాలు చూడండి" అని ఎవరో ఒకరు పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటారు. నేను ఆ డాక్టర్ని కాదండీ, ప్రాచీన చరిత్ర చెప్పే డాక్టర్ని అంటాను. "అంటే?" అంటారు. గ్రీకులూ పారసీకులూ అంటాను. "దానికి ఇక్కడ జాబ్స్ ఉంటాయాండీ?" అని అడిగి, జవాబు వినకుండానే పప్పు వడ్డించుకోవడానికి లేచిపోతారు.

ఉంటాయి. ముప్ఫై ఏళ్ళకు పైగా నేను చేసింది ఆ జాబే. ఈమధ్య మన పిల్లలు కొందరు పీహెచ్‌డీలు చేసి పాఠాలు చెప్పే పనిలోకి వస్తున్నారు. "ఆంటీ, ఎక్కడ అప్లై చేయాలి, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు" అని ఫోన్లు చేస్తుంటారు. అవన్నీ నాకంటే వాళ్ళ స్నేహితులే బాగా చెబుతారు. నేను చెప్పగలిగింది ఒక్కటే, పాఠం చెప్పేవాళ్ళ నోటి వెంట రోజూ దొర్లిపోయే చిన్న మాటల సంగతి. ఇందులో నా గొప్పలేమైనా ఉంటాయేమో అనుకుని చదవకండి. రాస్తుంటే నాకే తలెత్తుకోబుద్ధి కావడం లేదు.

ఒక పక్షం పట్టించు

నేను చేరిన కొత్తలో మా డిపార్ట్‌మెంట్ హెడ్ ఇంగ్లండ్ నుంచి వచ్చిన పెద్దమనిషి. నా మొదటి క్లాసుకు వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. నేను గ్రీకు పారసీక యుద్ధాలను ఇటూ అటూ తూచినట్టు, ఎవరికీ అన్యాయం జరక్కుండా చెప్పాను. సగం మంది నిద్రపోయారు. మిగతా సగం నిద్రపోవడానికి చోటు వెతుక్కుంటున్నారు.

క్లాసయ్యాక ఆయన నన్ను కాఫీకి తీసుకెళ్ళాడు. "లలితా, వీళ్ళు గోధుమ పొలాల నుంచి వచ్చిన పిల్లలు. ఆ యుద్ధం జరిగిన మారథాన్ మైదానం ఎక్కడుంటే వాళ్ళకేం? వాళ్ళ చేత ఒక పక్షం పట్టించు. 'వి' అను, చాలు" అన్నాడు. మర్నాడు తన క్లాసులో చేసి చూపించాడు. "వి వర్ ఫ్యూ. దే వర్ మెనీ." మేం కొద్దిమందిమి, వాళ్ళు కోకొల్లలు. అంతే, కుర్చీల్లో జారిపోయి ఉన్న పిల్లలు నిటారుగా కూర్చున్నారు.

నేనూ అదే పట్టుకున్నాను. ఎంత హాయిగా పనిచేసిందో చెప్పలేను. ఆ చిన్న మాట అనగానే క్లాసంతా నా వెంట సముద్రతీరానికి వచ్చేసేది. బందరులో పుట్టి, పెళ్ళయ్యాక ఈ మంచులోకి వచ్చిపడ్డ నేను, పార్కా కోటు విప్పి కుర్చీకి తగిలించి, "మారథాన్‌లో మనం నిలబడకపోతే ఈరోజు ఓటు అన్న మాటే ఉండేది కాదు" అని చెప్పేదాన్ని. మా ఆయన ప్రభుత్వ ఆఫీసులో పనిచేసేవారు. సాయంత్రం ఇంటికి రాగానే, "ఏమోయ్, ఇవాళ ఎవరు గెలిచారు?" అని అడిగేవారు. "ఇంకెవరు, మనవాళ్ళే" అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. మనవాళ్ళట! నా మొహం.

తరవాత దానికి ఒక ఆట కూడా తగిలించాను. క్లాసులో కిటికీ వైపు కూర్చున్నవాళ్ళు గ్రీకులు, గోడ వైపు కూర్చున్నవాళ్ళు పారసీకులు. రెండు పక్షాలూ వాదించుకోవాలి. చివర్న యుద్ధం చరిత్రలో ఎలా ముగిసిందో అలాగే ముగుస్తుంది, గెలిచిన వాళ్ళకు డోనట్ల డబ్బా. ఎవరు ఎటన్నది నేను నిర్ణయించలేదనే నా నమ్మకం. ఇక్కడి పిల్లలు ముందే వచ్చి, హీటరున్న కిటికీ పక్క సీట్లు పట్టేసేవారు. బయటి దేశాల పిల్లలు పొద్దున్నే ఏదో ఒక షిఫ్టు చేసి, బస్సు దిగి, మంచు బూట్లు టపటపలాడించుకుంటూ ఆలస్యంగా వచ్చి, తలుపుకు దగ్గరగా గోడ పక్కన సర్దుకునేవారు. ఆ రకంగా ఏటేటా నైజీరియా, చైనా, పంజాబు, గుంటూరు, వరంగల్లు పిల్లలందరూ పారసీకులయ్యేవారు, ఏటేటా ఓడిపోయేవారు.

ఒకసారి మన కుర్రాడొకడు, "మేడమ్, మేమెప్పుడూ ఓడిపోవడమేనా?" అని అడిగాడు. "హిస్టరీని మార్చలేం కదా బాబూ" అన్నాను. క్లాసంతా ఘొల్లుమంది. వాడూ నవ్వాడు. ఆ నవ్వు చూసి, నేను చాలా సరదాగా పాఠం చెబుతానని పొంగిపోయాను.

హిస్టరీని మార్చలేం నిజమే, కానీ సగం చరిత్రను నేను గదిలోకి రానివ్వలేదు. పారసీక నౌకాదళంలో గ్రీకు ఓడలు కూడా ఉన్నాయి. పారసీకుల పక్షం చేరిన గ్రీకు నగరాలున్నాయి. గెలిచిన కొన్ని దశాబ్దాలకే గ్రీకులు తమలో తాము కొట్టుకుని, తగువు తీర్చమని పారసీక చక్రవర్తి గుమ్మం దగ్గరికే వెళ్ళారు. ఇవన్నీ నాకు తెలుసు. చెబితే ఆట పాడవుతుందని చెప్పేదాన్ని కాదు.

బందరు

నేను రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు నస్రీన్ వచ్చింది. పారసీకుల దేశంలో, షిరాజ్‌లో పుట్టిన మనిషి. ప్రాచీన పారసీక శాసనాలు చదవడం ఆవిడ చదువు. మా దగ్గర ఒక్కో టర్ముకు ఒక్కో కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పేది. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే.

మొదటి రోజు లంచ్ రూములో, "మీదే ఊరు?" అని అడిగింది. మచిలీపట్నం అంటే నోరు తిరగదని, "మేం బందరు అంటాం" అన్నాను. ఆవిడ స్పూను కింద పెట్టేసింది.

"బందరా? అది మా మాట! బందర్ అంటే రేవు."

"మా ఊరు రేవే."

"మరి ఇంకేం? మీరు మా ఊరి మనిషే!"

ఆ రోజు నుంచి లంచ్ రూములో మాకు ఒకటే పని. మీరు రోజుని ఏమంటారు, రోజు. బజారుని? బజారు. రుమాలు? రుమాలు. చాకిరీ అన్నాను. అదీ మాదే అంది, "చాకిరీ కూడా మా దగ్గర్నుంచే తీసుకున్నారా, పాపం!" అని పడీ పడీ నవ్వింది. మా ఊళ్ళో బట్టల మీద కలంతో బొమ్మలు వేసే కలంకారీ అన్న పేరూ వాళ్ళదేనట. గ్రీకులను మనం యవనులంటాం కదా, ఆ మాట కూడా పారసీకుల నోటి మీదుగా మన దేశానికి వచ్చిందని పండితులంటారు. ఆ సంగతి నేను పుస్తకాల్లో చదివాను. కానీ గ్రీకులను ఏమని పిలవాలో కూడా నాకు నేర్పింది నేను ఏటేటా ఓడించే మనుషులని, ఆవిడ ఎదురుగా కూర్చుని మాడుచెక్క కొరుకుతూ చెప్పేదాకా నాకు తట్టలేదు. అడుగంటిన అన్నాన్ని వాళ్ళు పండగ వంటలా చేసుకుంటారు. మా ఇంట్లో అయితే గిన్నె తోమే వాళ్ళకు వదిలేస్తాం అని నేనంటే, నాతో దెబ్బలాడింది.

పరీక్షల రోజుల్లో పేపర్లు ఒకే బల్ల మీద కలిసి దిద్దేవాళ్ళం. పుస్తకాన్ని మక్కీకి మక్కీ దించేసిన వ్యాసం కనిపిస్తే నేను అంచున ఎప్పుడూ ఒకే మాట రాస్తాను, "కొంచెం మరీ దగ్గర" అని. ఇంగ్లీషులో మూడే మాటలు, "ఎ లిటిల్ క్లోజ్." నస్రీన్‌కు ఆ మాట మహా సరదా. నేను ఆవిడ పక్కకు కుర్చీ జరుపుకున్నా, "లలితా, ఎ లిటిల్ క్లోజ్" అనేది.

నేను వెళ్ళిపోతే నా పోస్టు ఖాళీ అవుతుంది. ఆవిడ దానికి అప్లై చేసింది. వర్క్ పర్మిట్ గడువు దగ్గర పడుతోంది. పర్మనెంట్ ఉద్యోగం వస్తే ఇక్కడే ఉండిపోవడానికి పి.ఆర్. దారి సుళువవుతుంది. రాకపోతే ఇన్నేళ్ళ చదువునూ సూట్‌కేసులో పెట్టుకుని, ఎవరు తీసుకుంటే అక్కడికి పోవాలి. ఈ సంగతి డిపార్ట్‌మెంటులో అందరికంటే బాగా తెలిసింది నాకే.

మెట్ల మీద కావడి

ఇంటర్వ్యూలో భాగంగా అభ్యర్థులు పిల్లల ముందు ఒక పాఠం చెప్పాలి. నస్రీన్‌కు ఇచ్చింది నా పాఠమే, గ్రీకు పారసీక యుద్ధాలు. కమిటీతో పాటు నేనూ వెనక వరసలో కూర్చున్నాను.

ఆవిడ యుద్ధంతో మొదలుపెట్టలేదు. పారసీక రాజధానిలో రాతి మెట్ల పక్కన చెక్కిన బొమ్మలు తెర మీద వేసింది. దేశదేశాల వాళ్ళు చక్రవర్తికి కానుకలు తెస్తుంటారు. నేను కూడా ఏటేటా చూపించే బొమ్మలే అవి. "నియంత ముందు క్యూలో నిలబడ్డ బానిసలు" అని ఒక్క ముక్కలో తేల్చేసి ముందుకు పోయేదాన్ని.

నస్రీన్ ఒక బొమ్మను పెద్దది చేసి, "ఇతనెవరో చెప్పండి" అంది. ఒంటి మీద చొక్కా లేదు. నడుముకు పంచె. భుజం మీద కర్ర, కర్రకు రెండు వైపులా బుట్టలు. ఇక్కడి పిల్లలకు తెలియలేదు. గోడ వైపు నుంచి స్రవంతి అనే హన్మకొండ అమ్మాయి ఒక్కసారి సీట్లోంచి లేచింది. "అది కావడి! మా తాత మోసేటోడు!" అని తెలుగులోనే అరిచేసింది.

"ఇతను ఇండియన్. పారసీక సైన్యంలో కూడా ఇతని మనుషులున్నారు. నూలు బట్టలు కట్టుకుని, వెదురు విల్లులు పట్టుకుని గ్రీసు దాకా నడిచారు. ఆ మాట రాసింది గ్రీకులే" అంది నస్రీన్.

నేనెన్నిసార్లు చూశానో ఆ బొమ్మను! ఒక్కసారైనా ఆ కావడి నా కంటికి ఆనలేదు. మనవాళ్ళు గెలిచారు, మనవాళ్ళు గెలిచారు అని ఇంటికెళ్ళి చెప్పుకున్న దాన్ని, మనవాళ్ళు ఏ పక్కన నిలబడ్డారో చూసుకోలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సిగ్గును సిగ్గుగా ఉంచుకుని ఉంటే బాగుండేది. గదిలోంచి బయటికి వచ్చేసరికి అది కోపంగా మారింది. నా పాఠాన్ని నా ఎదురుగానే తప్పని చూపిస్తుందా అనుకున్నాను. ఆవిడ నా పేరు కూడా ఎత్తలేదు. అయినా అలాగే అనుకున్నాను.

ఎ లిటిల్ క్లోజ్

కమిటీ గదిలో కూర్చున్నది నలుగురం. అప్పటి హెడ్ మార్గరెట్ మెత్తగా మాట్లాడే మనిషి. "పాఠం బాగుంది. కానీ లలితా, ఆవిడ అక్కడి మనిషి కదా. ఈ సబ్జెక్టును నిష్పక్షపాతంగా చెప్పగలదంటారా?" అని నన్ను అడిగింది.

మా డిపార్ట్‌మెంటులో తాతల నాడు గ్రీసు నుంచి వచ్చిన కుటుంబం వాడొకాయన ఉన్నాడు. గ్రీకు చరిత్రను నువ్వు నిష్పక్షపాతంగా చెప్పగలవా అని ఆయన్ని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఆ జవాబు నా నాలిక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

"షి ఈజ్ ఎ లిటిల్ క్లోజ్ టు ఇట్. వి షుడ్ థింక్" అన్నాను. ఆవిడ దానికి కొంచెం మరీ దగ్గర, ఆలోచించాలి. ఆ 'వి' ఎంత సులువుగా వచ్చిందో! ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఆ ముగ్గురి పక్కన నేను, బల్లకు అవతల, గదిలోనే లేని నస్రీన్. మార్గరెట్ తలూపి పెన్ను మూసింది.

పోస్టు వేరే ఊరి నుంచి వచ్చిన కుర్రాడికి వెళ్ళింది. చెడ్డవాడేం కాదు. నస్రీన్‌కు సాటి మాత్రం రాడు.

మనమా, మేమా

కొద్ది రోజులకు నా వీడ్కోలు ప్రసంగం. 'గ్రీకు పారసీక వైరం, ఈనాటికీ మిగిలిన అర్థం' అని పెద్ద పేరు పెట్టారు. హాలు నిండింది. మా ఆయన ముందు వరసలో కూర్చుని ఫోటోలు తీశారు. నస్రీన్ బాదం మిఠాయి డబ్బాతో వచ్చి, పక్కగా గోడ దగ్గర కూర్చుంది. ఆవిడకేమీ తెలియదనుకున్నాను.

బాగానే మాట్లాడాను. తూర్పూ పడమరా అన్న గీత ఆ యుద్ధాల్లోనే పడిందనీ, ఇవాళ వార్తల్లో వాడే మాటల్లో కూడా అది కనిపిస్తుందనీ చెప్పాను. ఆ గీత మీద నేనే బొగ్గుతో మళ్ళీ దిద్దుతూ వచ్చానని మాత్రం చెప్పలేదు. చివర్న ప్రశ్నలన్నారు. స్రవంతి చెయ్యెత్తింది.

"మేడమ్, ఒక డౌట్. మీరు ఎప్పుడూ 'వి' అంటరు కదా. మన తెలుగుల అది మనమా, మేమా?"

హాల్లో ఉన్న తెలుగువాళ్ళు గలగలా నవ్వారు. మనం అంటే ఆ పిల్ల కూడా గెలిచిన వాళ్ళలో ఉండాలి. మరి ఆ పిల్లను గోడ పక్కన కూర్చోబెట్టి ఓడించింది నేనే కదా. మేము అంటే, నేనెవరినని? బందరు దాన్ని, ఏథెన్సు దాన్నా? "మంచి ప్రశ్న" అన్నాను. జవాబు తెలియని మేష్టర్లందరూ అనేదే అది.

జనం పల్చబడ్డాక నస్రీన్ దగ్గరికి వచ్చింది. "ఆ అమ్మాయి ఏమడిగింది? మీ వాళ్ళంతా నవ్వారు" అంది. చెప్పాను. మాకు 'వి'కి రెండు మాటలున్నాయి, వినే మనిషిని కలుపుకుంటే మనం, బయట పెడితే మేము.

ఆవిడ రెండూ పలికి చూసుకుంది. "మనం. మేము. బాగుంది. మా భాషలో 'మన్' అంటే నేను అని" అంది. తరవాత నా కళ్ళలోకి చూసింది.

"కమిటీ గదిలో ఏది వాడారు, లలితా?"

నేను ప్రసంగం కాగితాలు మడవడం మొదలుపెట్టాను.

"కారణం ఏమిటని మార్గరెట్‌ను అడిగాను. 'ఎ లిటిల్ క్లోజ్' అన్నారని చెప్పింది. ఎవరన్నారో చెప్పలేదు. అక్కర్లేదు కదా" అంది. గొంతు పెంచలేదు. మిఠాయి డబ్బా నా చేతిలో పెట్టి, కోటు వేసుకుని వెళ్ళిపోయింది. ఆ డబ్బా పట్టుకుని నేను అందరి అభినందనలూ అందుకున్నాను.

నా మాట బరువు

మర్నాడు మార్గరెట్ దగ్గరికి పరిగెత్తాను. నేనన్నది తప్పు, నా పాఠాన్ని దిద్దిందన్న ఉక్రోషంతో అన్నాను, వెనక్కి తీసుకుంటున్నాను అన్నాను. ఆవిడ నాకు టీ ఇచ్చింది. ఆఫర్ వెళ్ళిపోయింది, కుర్రాడు ఒప్పుకున్నాడు అని మెత్తగా చెప్పింది.

"బాధపడకండి, లలితా. మాలో ఎవరన్నా ఆ మాట అని ఉంటే బాగుండేది కాదు. మీరు అన్నారు కాబట్టే మాకు ధైర్యం వచ్చింది" అంది.

మాలో ఎవరన్నా అంది. మాలో! నేను అన్నేళ్ళుగా 'వి' అని కూర్చున్న బల్ల దగ్గర నన్నెప్పుడూ లెక్కలోకి తీసుకోలేదన్నమాట. నేను గోడ పక్క మనిషినే. అందుకే నా మాటకు అంత బరువు. గోడ పక్క మనిషి చేతే గోడ పక్క మనిషిని బయటికి పంపించారు, వాళ్ళ చేతులకు మట్టి అంటలేదు. వాళ్ళ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. కుదరలేదు. నన్నెవరూ బలవంతపెట్టలేదు.

పాఠాలు చెప్పబోయే పిల్లలకు నేను చెప్పేది ఇదే. మీరు 'వి' అన్నప్పుడల్లా లోపల తెలుగులో ఒకసారి అనుకోండి, మనమా, మేమా అని. రెండిట్లో ఏదో తేలకపోతే ఆ వాక్యం చెప్పకండి. క్లాసు నిద్రపోతే పోనివ్వండి.

సార్నియా

నస్రీన్‌ను చివరికి దూరాన సార్నియా అనే ఊళ్ళో ఒక కాలేజీ తీసుకుంది. చరిత్ర కాదు, ఇండియా నుంచి వచ్చిన పిల్లలకు ఇంగ్లీషు వ్యాసాలు రాయడం నేర్పుతుంది. ఫోను చేయడానికి నాకు చాలాకాలం ముఖం చెల్లలేదు. నంబరు తీయడం, పెట్టేయడం. "అమ్మా తల్లీ, చేస్తే చెయ్యి, లేకపోతే ఆ ఫోను వంటింట్లో పడెయ్యి" అని మా ఆయన విసుక్కున్నారు. పారసీకులకు కొత్త సంవత్సరం వచ్చే రోజున చేశాను.

ఎత్తింది. ఆ ఊళ్ళో బస్సులు సరిగా లేవంది, కారు కొనక తప్పలేదంది, మంచులో డ్రైవింగ్ అంటే ఇప్పటికీ భయమంది. పిల్లల్లో సగం మంది తెలుగువాళ్ళేనంది. నేను కూడబలుక్కున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఇంగ్లీషులో ఒక్క వాక్యం మాత్రం బయటికి వచ్చింది.

"నస్రీన్, వి డిడ్ యూ రాంగ్."

అన్యాయం చేశాం అన్నాను. ఆవిడ తిరగని నోటితో, తెలుగులో అడిగింది.

"మనమా? మేమా?"

మనం అంటే సగం తప్పు ఆవిడ నెత్తినే పెట్టినట్టు. మేము అంటే కమిటీ చాటున దాక్కున్నట్టు. నాకు తెలిసిన రెండు మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు. ఆ రోజు హాల్లో ఆవిడ చెప్పిన మాటే గుర్తొచ్చింది.

"మన్" అన్నాను.

ఆవిడ ఫోను పెట్టేయలేదు.